ఊదా పరదా

ఎర్ర తోటకూర ఉడికేటప్పుడు గిన్నెలోకి తొంగిచూస్తే, ఈ అధ్యాయంలో చెప్పబోయేదాంట్లో సగం అక్కడే కనిపిస్తుంది. రెండు పొంగులు వచ్చేసరికి నీళ్లు చిక్కటి గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆకును గరిటెతో పైకి తీస్తే ముదురు పచ్చగా ఉంటుంది. ఎరుపు నీళ్లలోకి దిగిపోయింది, పచ్చదనం ఆకులోనే ఉండిపోయింది. కుండీల్లో పెంచుకునే పర్పుల్ హార్ట్ ఆకును వేడినీళ్లలో వేసినా ఇదే తంతు. నిలువెల్లా వంకాయ రంగులో ఉండే ఆ ఆకు కాసేపటికి మామూలు పచ్చాకై తేలుతుంది.

ఊదా ఆకుల మొక్కను చూసినప్పుడు పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: పచ్చగా లేదు కదా, మరి తిండి ఎలా తయారు చేసుకుంటుంది? జవాబు ఆ గిన్నెలోనే ఉంది. పత్రహరితం ఎక్కడికీ పోలేదు. దాని ముందు ఊదా పరదా వేలాడుతోంది, అంతే. పత్రహరితం దాదాపు లేకుండా బతికే మొక్కలు లేకపోలేదు గానీ అవి బంగారు తీగలాగా పక్క మొక్క మీద పడి తినేవి. తోటలోని కోలియస్, ఇంటి ముందు కృష్ణ తులసి, యూరప్ పార్కుల్లో నూరడుగుల ఎత్తు పెరిగే ఊదా బీచ్ చెట్టు, ఇవన్నీ ఎండను పట్టి తమ తిండి తామే వండుకునేవే. కాబట్టి అడగాల్సిన ప్రశ్న వేరు. పత్రహరితం పని చేయాలంటే వెలుతురు కావాలి. ఆ వెలుతురుకే అడ్డంగా పరదా కట్టుకోవడం ఎందుకు?

ముందు ఆ పరదా ఎక్కడ కట్టి ఉందో చూద్దాం. బోటనీ ల్యాబుల్లో తరతరాల విద్యార్థుల చేతుల్లో చిరిగిపోతున్న మొక్క ఒకటుంది, రియో. పొడవాటి బిరుసు ఆకులు, పైన పచ్చ, అడుగున ఊదా. ఆకును వంకరగా చింపితే అంచున పలచటి ఊదా పొర లేస్తుంది. దాన్ని గాజు పలక మీద నీటిచుక్కలో పరిచి మైక్రోస్కోపు కింద పెడితే ఆరు మూలల గదులు ఒకదానికొకటి ఆనుకుని కనిపిస్తాయి. గదిగదినిండా ఊదా నీళ్లు. అక్కడక్కడా పత్రరంధ్రాల పక్కనుండే రక్షక కణాల్లో మాత్రం ఊదా ఉండదు. వాటిలో చిన్న చిన్న పచ్చ చుక్కలుంటాయి, అవి హరితరేణువులు. ఇప్పుడు పలక ఒక అంచున ఉప్పునీటి చుక్క వేసి, అవతలి అంచున బ్లాటింగ్ పేపరు ఆనించి నీటిని లాగాలి. కొద్ది నిమిషాల్లో ఊదా ముద్ద గది గోడలను వదిలి లోపలికి ముడుచుకుంటుంది. గోడకూ ముద్దకూ మధ్య రంగులేని ఖాళీ ఏర్పడుతుంది. ముద్ద చిన్నదయ్యేకొద్దీ రంగు చిక్కబడుతుంది. మళ్లీ మంచినీళ్లు పంపితే అది సాగి గోడలను తాకుతుంది.

దీన్ని ద్రవాభిసరణకు ఉదాహరణగా నేర్పి, రికార్డులో బొమ్మ గీయించి వదిలేస్తారు. ఆ ప్రయోగంలో రంగు ఉనికి గురించిన పాఠం కూడా ఉంది, దాన్ని ఎందుకో ఎవరూ ఎత్తరు. ఊదా రంగు కణం మధ్యనుండే నీటి సంచిలో, అంటే రిక్తికలో కరిగి ఉంది. పత్రహరితం అలా నీటిలో కరగదు, హరితరేణువుల పొరల్లో చిక్కుకుని ఉంటుంది. ఉడికించినప్పుడు కణంలోని పొరలన్నీ చితికిపోతాయి. నీటిలో కరిగే రంగు బయటికి కారిపోతుంది, కరగనిది ఆకులోనే మిగులుతుంది.

ఆ కరిగే రంగుల్లో ఎక్కువ భాగం ఆంథోసయనిన్లు. వంకాయ తొక్కలో, నేరేడు పండులో, నల్ల ద్రాక్షలో, శంఖుపుష్పంలో ఉన్నవి ఇవే. వీటికి నిలకడ తక్కువ. పులుపు తగిలితే ఎర్రబడతాయి, క్షారం తగిలితే నీలానికీ ఆకుపచ్చకూ తిరుగుతాయి. రాబర్ట్ బాయిల్ 1664లో రంగుల మీద రాసిన పుస్తకంలో వయొలెట్ పూల పానకంతో ఈ పరీక్ష చేసి చూపించాడు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త రిచర్డ్ విల్‌స్టేటర్ ఇంకో వింత బయటపెట్టాడు: ఎర్ర గులాబీలోనూ నీలి కార్న్‌ఫ్లవర్‌లోనూ ఉన్నది ఒకటే రంగు పదార్థం. మొక్కల రంగుల మీద, ముఖ్యంగా పత్రహరితం మీద చేసిన కృషికి ఆయనకు 1915లో నోబెల్ బహుమతి వచ్చింది. పత్రహరితాన్నీ దాన్ని కప్పే పరదానూ ఒకే మనిషి విప్పి చూశాడన్నమాట.

అయితే మొదట్లో చెప్పిన ఎర్ర తోటకూరలో ఉన్నది ఆంథోసయనిన్ కాదు. బీట్‌రూట్, తోటకూర, బచ్చలి, కోడిజుట్టు పువ్వు, కాగితం పూలు, పార్కుల్లో అక్షరాలు దిద్దడానికి నాటే ఆల్టర్నాంతెరా, ఇవన్నీ ఒకే పెద్ద వంశవృక్షానికి చెందినవి. ఆ వంశం బీటాలెయిన్లు అనే వేరే రంగులు చేసుకుంటుంది. వీటి అణువులో నత్రజని ఉంటుంది, ఆంథోసయనిన్‌లో ఉండదు. విచిత్రమేమిటంటే ఈ రెండూ ఒకే మొక్కలో కలిసి ఉండగా ప్రకృతిలో ఇంతవరకూ కనిపించలేదు. బీటాలెయిన్ వంశంలోనే కార్నేషన్ లాంటి కొన్ని మొక్కలు పాత ఆంథోసయనిన్‌నే పట్టుకుని ఉన్నాయి గానీ, అవి కూడా రెండూ కలిపి చేసుకోవు. ఇంట్లోనే తేల్చుకోవచ్చు. శంఖుపుష్పం నానబెట్టిన నీళ్లలో నిమ్మరసం పిండితే నీలం పోయి ఊదా వస్తుంది, వంటసోడా వేస్తే ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. బచ్చలి పండ్ల రసంలో నిమ్మకాయ పిండండి. పెద్దగా చలించదు. పూర్వం పల్లె పిల్లలు సిరాగా వాడుకున్న రసం అదే. గోంగూర కాడ ఎరుపు మొదటి జాతి, దాని పక్కనే కట్టగట్టి అమ్మే తోటకూర కాడ ఎరుపు రెండో జాతి. గంపలో పక్కపక్కనే ఉన్నా రసాయనంలో చుట్టరికం లేదు. మొక్కలు రెండు వేర్వేరు దారుల్లో వెళ్లి దాదాపు ఒకే రంగుకు చేరాయంటే, ఆ రంగుతో వాటికేదో పని పడి ఉండాలి.

ఆ పని ఏమిటో అడగడానికి మామిడి చిగురును మించిన చోటు లేదు. ఉగాదికి అటూ ఇటూ మన చెట్లు చాలావరకు ఊదా, రాగి, ఎరుపు ఛాయల్లోనే చిగురిస్తాయి. రావి చిగురు లేత గులాబీ, వేప చిగురు రాగి, నరమామిడి చిగురు తేనె రంగు. మామిడి రెమ్మ చివర లేతాకులు వంకాయ ఛాయలో మెత్తగా, సత్తువ లేనట్టు నిలువునా వేలాడుతుంటాయి. చేత్తో పట్టుకుంటే నీటితో నిండిన పలచటి పట్టులా జారిపోతాయి. కొన్ని వారాల్లో అవే ఆకులు బిరుసెక్కి, అడ్డంగా తిరిగి, పచ్చబడతాయి. ఈ చిగుళ్లు తినే కోయిల గొంతు సవరించుకుంటుందని మన కవులు శతాబ్దాలుగా చెబుతున్నారు. కోయిల అసలు తిండి రావి, మర్రి, మేడి లాంటి పండ్లు. ఆ మాట కవులకు చెప్పి లాభం లేదు గానీ, చిగురును ఎవరు తింటారన్నది మాత్రం చెట్టుకు చాలా పెద్ద ప్రశ్న. ఉష్ణమండల అడవుల్లో ఒక ఆకు జీవితకాలంలో పురుగులు కొరికే నష్టంలో ఎక్కువ భాగం లేతగా ఉన్న ఆ కొద్ది రోజుల్లోనే జరుగుతుంది.

ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఎండతో ముడిపడినది. లేతాకులో హరితరేణువులు ఇంకా సగం కట్టిన ఇళ్లే. మీద పడిన వెలుతురంతా వాడుకునే శక్తి వాటికి లేదు. వాడుకోని శక్తి ఊరికే పోదు, ఆక్సిజన్‌ను విషపు రూపాల్లోకి మార్చి ఆ లేత యంత్రాంగాన్నే కాల్చేస్తుంది. ఆంథోసయనిన్ ముఖ్యంగా 500 నుంచి 550 నానోమీటర్ల మధ్యనున్న ఆకుపచ్చ కాంతిని మింగుతుంది. అంటే భారాన్ని కొంత తగ్గిస్తుంది. ఎరుపు కాంతిని దాదాపుగా వదిలేస్తుంది కాబట్టి పత్రహరితం పని పూర్తిగా ఆగదు. ఆకు ముదిరి, లోపలి ఇల్లు పూర్తయ్యాక పరదా అక్కర్లేదు. చిగురు నిలువునా వేలాడటం కూడా మిట్టమధ్యాహ్నపు ఎండను తప్పించుకోవడానికి పనికొస్తుంది.

ఇంత చక్కగా కుదిరిన వివరణ మీద కూడా కొంత అనుమానం ఉంచుకోవడం మంచిది. ఆకుల రంగుల మీద జీవితమంతా పనిచేసిన వృక్షశాస్త్రవేత్త డేవిడ్ లీ తన సహచరులతో కలిసి 1987లో మామిడి, కోకో చిగుళ్లనే పరీక్షించాడు. అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడటానికే ఈ రంగు అన్న వాదన అక్కడ అంత బలంగా నిలబడలేదు. ఆ పని రంగులేని ఇతర ఫినాల్ పదార్థాలే చేసేస్తున్నాయి. పనామాలోని బారో కొలరాడో దీవిలో ఇంకో కోణం తేలింది. అక్కడి ఆకుకోత చీమలు ఆకు ముక్కలు మోసుకెళ్లి వాటి మీద బూజు పెంచుకుని తింటాయి. ఆంథోసయనిన్ ఎక్కువున్న ఆకులను అవి తక్కువగా ఎంచుకుంటున్నాయని 1989లో ప్రచురితమైన పరిశోధన చెప్పింది. ఆ రంగు బూజుకు పడదేమోనని ఊహ. ఇది కాక, చాలా పురుగుల కంటికి ఎరుపు తెలియదు. పచ్చటి చెట్టు మీద ఎర్ర చిగురు వాటికి నల్లగా, ఎండినదానిలా కనబడే వీలుంది. నా మట్టుకు ఇందులో ఒక్కటే నిజమనుకోవాల్సిన పని లేదు. ఎండకని కట్టిన పరదా చీమను కూడా ఆపితే చెట్టుకు అభ్యంతరమేముంది?

రియో ఆకు మాత్రం ఈ లెక్కలకు అందదు. దాని ఊదా అడుగు వైపు. ఎండ పైనుంచి పడుతుంటే కింద పరదా కట్టడమేమిటి? దట్టమైన అడవి నేల మీద, మసక వెలుతురులో బతికే ఎన్నో మొక్కలది ఇదే తీరు. డేవిడ్ లీ బృందమే 1979లో ఒక ఆలోచన ముందుకు తెచ్చింది: ఆకును దాటి కిందికి పోబోయే ఎరుపు కాంతిని ఈ పొర వెనక్కి మళ్లించి, పత్రహరితానికి మరో అవకాశం ఇస్తుందని. వినడానికి ముచ్చటైన ఆలోచన. పాఠ్యపుస్తకాల్లోకీ ఎక్కింది. 2008లో నికోల్ హ్యూస్ తదితరులు ఆకుల్లో కాంతిని నేరుగా కొలిచి చూస్తే అలా మళ్లుతున్న జాడ కనబడలేదు. చెట్ల సందుల్లోంచి ఉన్నట్టుండి పడే ఎండ పలకల నుంచి కాపాడటానికేమో అన్న వాదన ఇప్పుడు నడుస్తోంది. లెక్క ఇంకా తేలలేదు.

ఆకు రాలేదాకా ఊదాగానే ఉండే పెద్ద చెట్లు మన ఊళ్లలో అరుదు, చలి దేశాల పార్కుల్లో మామూలు. వాటి వెనక ప్రకృతి కన్నా మనిషి కన్ను ఎక్కువ పని చేసింది. స్విట్జర్లాండ్‌లో జూరిక్ దగ్గరి బుక్ ఆమ్ ఇర్షెల్ అడవిలో ఎర్రాకుల బీచ్ చెట్లున్నాయని 1680 నాటి ప్రస్తావన ఉంది. అన్నదమ్ములు ఒకరినొకరు చంపుకున్న చోట నెత్తుటితో మొలిచాయని అక్కడివాళ్లు కథ చెప్పుకునేవారు. అలాంటి అరుదైన చెట్ల గింజలు నాటితే కొన్ని పచ్చగా, కొన్ని ఊదాగా మొలుస్తాయి. తోటమాలులు ఊదావాటినే ఏరి, అంట్లు కట్టి ఊరూరా పంచారు. ఊదా ప్లమ్ చెట్టు చరిత్ర ఇంకా సూటిగా ఉంటుంది. పర్షియా షా దగ్గర పనిచేసిన పిస్సార్ అనే ఫ్రెంచి తోటమాలి 1880 ప్రాంతంలో దాన్ని స్వదేశానికి పంపాడు. ఇవాళ ప్రపంచంలో ఎన్నో వీధుల పక్కన పెరుగుతున్న చెట్టు దాని సంతానమే. ఇప్పటికీ అతని పేరే మోస్తోంది.

ఆంథోసయనిన్ తయారు చేసే జన్యువులు పచ్చ చెట్టులోనూ ఉంటాయి. ఎప్పుడు, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే మరికొన్ని జన్యువులు వాటి మీద పెత్తనం చేస్తాయి. మామిడిలో ఆ పెత్తందారులు చిగురు ముదరగానే తయారీ ఆపేయిస్తాయి. ఊదా రకాల్లో ఆ ఆజ్ఞ ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. ఆ ఆజ్ఞకు వెలుతురు కూడా కావాలి. కడియం నర్సరీలో ఎండలో నిగనిగలాడిన పర్పుల్ హార్ట్‌ను కొని తెచ్చి వరండా మూలన పెడితే నెల తిరిగేలోపు పచ్చబడి సాగిలపడేది ఇందుకే. నర్సరీవాడు మోసం చేయలేదు, మనం ఎండ ఇవ్వలేదు. అన్నట్టు, అదే నర్సరీలో రాగి రంగు గుండ్రటి ఆకుల యుఫోర్బియా కోటినిఫోలియా కూడా అమ్ముతారు. చూడ్డానికి బాగుంటుంది గానీ తుంచితే కారే పాలు చర్మాన్ని మండిస్తాయి, కంట్లో పడితే ప్రమాదం. పిల్లలున్న ఇంట్లో వద్దు.

పొలంలో ఊదా కనబడితే మురిసిపోవడానికి లేదు. చలికాలపు మొక్కజొన్న లేత పైరులో అడుగు ఆకుల అంచులు, కొసలు ఊదాగా మారితే అది భాస్వరం అందడం లేదన్న ఫిర్యాదు. చల్లటి నేలలో వేర్లు భాస్వరాన్ని సరిగా తీసుకోలేవు. భాస్వరం చాలకపోతే ఆకులో తయారైన చక్కెర ముందుకు కదలక అక్కడే పేరుకుంటుంది, పేరుకున్న చక్కెర ఆంథోసయనిన్ తయారీని మొదలుపెట్టిస్తుంది. పత్తిలో ఆకు ఎర్రబడితే రెండు అనుమానాలు. ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం ఎర్రబారితే, అదీ కింది ఆకుల్లో మొదలైతే, మెగ్నీషియం లోపం. అంచులు పసుపుగా మారి, కిందికి ముడుచుకుని, ఆ తర్వాత ఎర్రబడితే ఆకు తిప్పి చూడాలి, పచ్చదోమ ఉంటుంది. రెండింటికీ ఒకే మందు కొట్టేవాళ్లు మన పల్లెల్లో తక్కువేం కాదు.

ఇక వరి. ఆకులు కూడా ఊదాగా ఉండే వరి రకాలు మన దేశంలో పాతకాలం నుంచీ ఉన్నాయి. అలాంటి ఒకదాన్ని, పర్పుల్ పుట్టు అనే రకాన్ని, హైదరాబాద్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పరిశీలించారు. దాని మొలకల్లో ఊదా రంగు పెరగడానికి సూర్యకాంతిలోని యూవీ-బి అనే అతినీలలోహిత కిరణాలే ముఖ్య కారణమని 1994లో ప్రచురించారు. జపాన్‌లోని ఇనకదతె గ్రామస్థులకు ఇలాంటి వరి వేరే విధంగా ఉపయోగపడింది. 1993 నుంచి వాళ్లు ఊదా, పసుపు, పచ్చ ఆకుల వరి రకాలను లెక్కగా నాటి పొలమంతటా బొమ్మలు పూయిస్తున్నారు. వాటిని చూడటానికి జనం టవరెక్కుతారు.

మన రైతుకు ఊదా వరితో అసలు అవసరం కలుపు దగ్గర పడింది. వెదజల్లిన పొలాల్లో అడవి వరి, కలుపు వరి పైరుతోపాటే మొలుస్తాయి. పూత దాకా అసలు వరికీ వాటికీ తేడా తెలియదు. తెలిసేసరికి వాటి గింజలు కోతకు ముందే రాలి నేలలో చేరిపోతాయి. ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో ఇది పాత బెడద. అందుకని ఊదా ఆకుల రకం వేయడం మొదలైంది. మొలకలోనే పైరు ఊదా, కలుపు పచ్చ. పచ్చగా ఉన్నదాన్నల్లా పీకేస్తే సరి. రాయ్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం చాలా కాలం తర్వాత శ్యామల అనే ఊదా రకాన్ని కూడా ఈ పనికే విడుదల చేసింది.

మొదట వేసిన ఊదా రకాలతో కొన్నేళ్లు బాగానే నడిచింది. ఆ తర్వాత కలుపు వరి కూడా ఊదాగా మొలవడం మొదలుపెట్టింది. వరి ఎక్కువగా తన పుప్పొడితోనే తాను ఫలదీకరణ చెందుతుంది గానీ, కొద్ది శాతం పక్క మొక్క పుప్పొడి కూడా అందుకుంటుంది. ఆ కొద్ది శాతంలో ఊదా జన్యువు కలుపు మొక్కకు చేరింది. అలా ఊదా అయిన కలుపు మొక్కను రైతు తన పైరే అనుకుని వదిలేశాడు, పచ్చగా మిగిలినదాన్ని పీకేశాడు. ఏడాదికేడాది రైతు చేతులే ఊదా కలుపును ఎంచి పెంచాయి. ఈ సంగతిని పరిశోధకులు 1950ల చివరికే గమనించి రాశారు.

రంగును ఒక్కదాన్నే నమ్ముకోకూడదని తేలాక పాత పనులే మిగిలాయి. విత్తే ముందు దుక్కిని తడిపి, రాలిన గింజలను మొలవనిచ్చి, మొలకలను కలియదున్నాలి. శుభ్రమైన విత్తనం వాడాలి, కేళీలను, అంటే పైరులో కలిసిన వేరే మొక్కలను, వెన్ను దశలోనైనా ఏరాలి. వెదజల్లడానికి బదులు నారు పోసి వరసల్లో నాటితే సగం తగువు తీరుతుంది. వరసల మధ్య మొలిచింది ఏ రంగుదైనా రైతు నాటనిదే.